రక్తం ఎటు వెళ్తుంది, రిపోర్టు ఎటు వస్తుంది: జన్యు వైద్యానికి సరిహద్దు జిల్లాల పరీక్ష

క్లుప్తంగా: మన దేశంలో జన్యు వైద్యం ఇంకా ఒకే గొడుగు కిందకు రాలేదు. జీనోమ్ పరిశోధన, సికిల్ సెల్ పరీక్షలు, అరుదైన వ్యాధుల చికిత్స, గర్భిణులకు, నవజాత శిశువులకు జన్యు పరీక్షలు వేర్వేరు పథకాలుగా, వేర్వేరు శాఖల కింద సాగుతున్నాయి. ఏ పథకానికి ఆ పథకం బాగానే నడిచినా ఒకదాని నుంచి మరొకదానికి రోగిని దాటించే అతుకు బలహీనంగా ఉంది. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల్లోని తెలుగు కుటుంబాలకు ఆ అతుకు తొందరగా కనిపిస్తుంది. వాటి వైద్యం, వియ్యాలు రాష్ట్రం గీత దాటి సాగుతాయి కనుక.

ఒకే జన్యువులు, వేర్వేరు గొట్టాలు

2025 జనవరి 9న జీనోమ్ ఇండియా సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చినట్టు కేంద్రం ప్రకటించింది. దేశంలోని 83 జనసమూహాలకు చెందిన దాదాపు 10,000 మంది పూర్తి జన్యుక్రమం అందులో ఉంది. ఆ కాలంలోనే ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మహారాష్ట్రలోని గడ్చిరోలి వంటి గిరిజన జిల్లాల్లో సికిల్ సెల్ శిబిరాలు నడుస్తున్నాయి. వేలి కొన నుంచి రక్తపు చుక్క తీసుకుని, తరువాత ఫలితం రాసిన కార్డు ఇస్తున్నారు. ఈ రెండు వార్తలు పక్కపక్కన చదివినవారికి సహజంగానే కొన్ని సందేహాలు వస్తాయి. శిబిరంలో ఇచ్చిన రక్తం జీనోమ్ ఇండియాకు వెళ్తుందా? జీనోమ్ ఇండియా పూర్తయింది కాబట్టి ఇక ఊళ్లో బిడ్డకు జన్యు పరీక్ష ఉచితమా?

రెండింటికీ సమాధానం కాదనే. శిబిరంలో చూసేది ఒక్క జన్యువు ఫలితాన్ని మాత్రమే. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ చేరితే ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి వంగుతుంది, సికిల్ సెల్ అన్న పేరు అందుకే వచ్చింది. జన్యు అక్షరాల్లో ఒకే ఒక్కటి మారడం దీనికి మూలం. ఈ మార్పును పట్టడానికి పూర్తి జన్యుక్రమం చదవనక్కరలేదు. మొదట సాల్యుబిలిటీ పరీక్ష, అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద నిర్ధారణ. జీనోమ్ ఇండియా పని వేరు. అది దాదాపు 300 కోట్ల అక్షరాలను చదివి, భారతీయులలో ఏ మార్పు ఎంత సాధారణమో లెక్క కట్టింది. ఆ లెక్క వైద్యుడికి నిఘంటువు లాంటిది. నిఘంటువు అచ్చయినంత మాత్రాన ఉత్తరం చేరదు.

నాలుగు దారులు, వాటి యజమానులు

ఈ పథకాలను ఎవరు నడుపుతున్నారో విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు తొలగుతుంది.

జీనోమ్ ఇండియా బయోటెక్నాలజీ విభాగం పథకం. అంటే అది శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖ కిందకు వస్తుంది. 2020 జనవరిలో మొదలైంది. 20 సంస్థలు పాల్గొన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ సమన్వయం చేసింది. సమాచారం ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. కావలసిన పరిశోధకులు జీవ సమాచారాన్ని పంచుకునే తీరును నిర్దేశించే 2021 నాటి బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాల కింద దరఖాస్తు చేసుకోవాలి. ఇది ఆసుపత్రి కిటికీ కాదు, గ్రంథాలయం తలుపు.

జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైంది. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్ల లోపు ఉన్న 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకూడదని గడువు. 2025 మధ్య నాటికి పరీక్షల సంఖ్య 6 కోట్లు దాటిందని కేంద్రం ప్రకటించింది. అమలు చేసేవి రాష్ట్రాలు. డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ దారిలో వస్తుంది, ఒడిశా, మహారాష్ట్రలకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40.

మూడోది 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం. ఎంపిక చేసిన పెద్ద ఆసుపత్రులను ఉత్కృష్టతా కేంద్రాలుగా గుర్తించి, వాటి ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం చేస్తారు. హైదరాబాద్‌లో డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ముంబైలో కేఈఎం ఆసుపత్రి ఉంది.

నాలుగోది 2019 సెప్టెంబరులో బయోటెక్నాలజీ విభాగమే మొదలుపెట్టిన ఉమ్మీద్. వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణకు నిదాన్ కేంద్రాలు, వైద్యులకు శిక్షణ, ఆకాంక్ష జిల్లాల్లో (అభివృద్ధిలో వెనుకబడినవిగా కేంద్రం గుర్తించినవి) గర్భిణులకు, నవజాత శిశువులకు పరీక్షలు దీని పనులు. మొదటి విడతలో 7 ఆకాంక్ష జిల్లాలను తీసుకున్నారు. దేశంలో ఆకాంక్ష జిల్లాలు 112. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గడ్చిరోలి అన్నీ ఆ 112లో ఉన్నాయి.

ఇలా రెండు మంత్రిత్వ శాఖలు, నాలుగు పథకాలు. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. పరిశోధనకు కేంద్రం నేరుగా డబ్బు ఇవ్వగలదు. మంచం, మందు, నర్సు మాత్రం రాష్ట్రం చేతిలో ఉంటాయి. ల్యాబ్ గొప్పగా ఉండి వార్డు బలహీనంగా కనిపించడానికి మూలం చాలా మటుకు ఈ విభజనే.

కలిపి నడపడం మనకు చేతకానిదేమీ కాదు. 2020 డిసెంబరులో కోవిడ్ వైరస్ రూపాంతరాలను కనిపెట్టడానికి ఇన్సాకాగ్ అనే ల్యాబ్‌ల కూటమి ఏర్పడింది. ఆరోగ్య శాఖ, బయోటెక్నాలజీ విభాగం, కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి 10 ల్యాబ్‌లతో మొదలుపెట్టాయి. భువనేశ్వర్‌లోని ఐఎల్ఎస్, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, పుణెలోని ఎన్‌ఐవీ తొలి జాబితాలోనే ఉన్నాయి. అయితే అక్కడ చదివింది వైరస్ జన్యువును. వైరస్‌కు అంగీకార పత్రం అక్కరలేదు, దానికి అత్తమామలు లేరు, రిపోర్టు ఇంటికి చేరాల్సిన పనీ లేదు. మనిషి జన్యువు దగ్గరకు వచ్చేసరికి ఆ మూడూ ముందుకొస్తాయి.

ఇతర దేశాలు ముందుగా కట్టింది ఏమిటి

జాతీయ జన్యు వైద్య వ్యవస్థ అనగానే ఇంగ్లాండ్ పేరు వస్తుంది. అక్కడ 2013లో ప్రభుత్వం జీనోమిక్స్ ఇంగ్లాండ్ అనే కంపెనీని స్థాపించింది. దాని యజమాని ఆరోగ్య శాఖే. లక్ష జన్యుక్రమాలు చదవాలన్న లక్ష్యం 2018 డిసెంబరులో పూర్తయింది. ఆ అంకె కన్నా, అది ముగిసే వేళకు సిద్ధం చేసిన ఏర్పాటు ముఖ్యం. అదే ఏడాది ప్రజా ఆరోగ్య సేవలో భాగంగా జన్యు వైద్య సేవ మొదలైంది. దేశాన్ని 7 ల్యాబ్ కేంద్రాల మధ్య పంచారు. ఏ ఆసుపత్రి శాంపిల్ ఏ కేంద్రానికి వెళ్లాలో ముందే తేల్చారు.

వీటన్నిటికీ కీలకం జాతీయ జన్యు పరీక్షల పట్టిక. ఏ లక్షణాలున్న రోగికి ఏ పరీక్ష చేయవచ్చు, దాన్ని ఏ విభాగం వైద్యుడు కోరవచ్చు, ఏ పద్ధతిలో చేయాలి అన్నది అందులో సంకేత సంఖ్యలతో సహా ఉంటుంది. ఉదాహరణకు జన్యు కారణం ఉందని అనుమానించే, పరిస్థితి విషమించిన పసిపిల్లల పరీక్షకు ఆర్14 అని సంకేతం. 2022 నుంచి ఆ వేగవంతమైన పూర్తి జన్యుక్రమ పరీక్షను దేశమంతటికీ ఎక్సెటర్ నగరంలోని ఒక్క ల్యాబ్ చేస్తోంది. పట్టికలో ఉన్న పరీక్షకు డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న రోగి దాకా రాదు. పట్టికను ఎప్పటికప్పుడు సవరిస్తారు. ఒక పరీక్ష అందులో చేరడమో తొలగిపోవడమో జరిగితే దేశం మొత్తానికీ వర్తిస్తుంది. చూడటానికి ఇది పొడి గుమాస్తా కాగితం. వ్యవస్థకు వెన్నెముక అదే.

రెండో ఏర్పాటు, చికిత్సకూ పరిశోధనకూ మధ్య గోడ, ఆ గోడకు ఒక తలుపు. పరీక్షకు ఒప్పుకోవడం వేరు, తమ సమాచారాన్ని జాతీయ పరిశోధన గ్రంథాలయంలో ఉంచడానికి ఒప్పుకోవడం వేరు. రెండోదానికి కాదన్నా మొదటిది ఆగదు.

ఫ్రాన్స్ 2016లో రూపొందించిన ప్రణాళికలో దేశమంతటికీ రెండే పెద్ద ల్యాబ్‌లు నెలకొల్పింది, ఒకటి పారిస్ ప్రాంతంలో, మరొకటి లియోన్, గ్రెనోబుల్ వైపు. వైద్యుడు ఒంటరిగా పూర్తి జన్యుక్రమ పరీక్ష రాయలేడు. పలు విభాగాల నిపుణుల సమావేశం ఆమోదించాలి.

భారతదేశానికి ఇంగ్లాండ్ కంటే స్వీడన్ పోలిక దగ్గర. అక్కడ ఆరోగ్యం 21 ప్రాంతీయ ప్రభుత్వాల బాధ్యత, కేంద్రం ఆజ్ఞతో జరగదు. అందుకే జీనోమిక్ మెడిసిన్ స్వీడన్ ఒక ఒప్పందంగా పుట్టింది. విశ్వవిద్యాలయ ఆసుపత్రులున్న 7 ప్రాంతాలు, వైద్య విద్య ఉన్న 7 విశ్వవిద్యాలయాలు కలిసి ఉమ్మడి బోర్డు, ఉమ్మడి పద్ధతులు, ఉమ్మడి సమాచార వేదిక పెట్టుకున్నాయి. ల్యాబ్‌లు ఎవరివి వారివే. పరీక్ష చేసే తీరు, రిపోర్టు రాసే తీరు ఒకటే. అధికారం పంచుకున్న దేశంలో జన్యు వైద్యం ఒక్కటిగా నడవాలంటే దారి ఇలాంటిదే అవుతుంది.

రైలు పాతపట్నం వైపు, రిఫరల్ బరంపురం వైపు

పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ సంస్థానం రెండు ముక్కలైంది. గీత పడినా బంధుత్వాలు తెగలేదు. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలుమార్గం టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి ఊళ్లను ఒకే దారానికి గుచ్చుతుంది. వైద్యానికి కూడా అలవాటైన దారి శ్రీకాకుళం, విశాఖ. ఒడిశా వ్యవస్థలో మాత్రం అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి నుంచి కాగితం బరంపురం వైద్య కళాశాలకు, అక్కడి నుంచి కటక్‌కో భువనేశ్వర్‌కో సాగుతుంది.

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన సిరొంచ ఉంది. జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం, అదీ అడవి గుండా. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ఆ పైన మంథని, కరీంనగర్, వరంగల్. ఇంట్లో తెలుగు, బడిలో, కార్యాలయంలో మరాఠీ. కార్డు మీది భాష ఒకటి, దాన్ని అర్థం చేసుకోవాల్సిన అత్తగారి భాష ఒకటి.

జన్యు వ్యాధి విషయంలో ఇది చిన్న అసౌకర్యంగా ఆగదు. సికిల్ సెల్ మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే వ్యాధి. ఒకటే వస్తే వాహకులు, వారు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి రావడానికి 25 శాతం, వాహకత్వానికి 50 శాతం, ఏమీ లేకపోవడానికి 25 శాతం అవకాశం. అంటే మిషన్ అసలు ఫలితం ఇద్దరి కార్డులు పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. అమ్మాయి కార్డు మహారాష్ట్రలో, అబ్బాయి కార్డు తెలంగాణలో తయారైతే ఆ రెంటినీ కలిపి చదవాల్సింది ఎవరు? ఫలితాలు నమోదయ్యే జాతీయ పోర్టల్ ఉంది కనుక సూత్రప్రాయంగా చిక్కు లేదు. ఆచరణలో అది పెళ్లి కుదిరిన ఊరి ఆశా కార్యకర్త చొరవ మీద ఆధారపడుతుంది. ఆమె జాబితా తన ఉపకేంద్రం పరిధికే ఉంటుంది. వియ్యం ఆ పరిధిలో కుదరాలన్న నియమం లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించదగ్గది. సికిల్ సెల్ మిషన్ రోగిని రాష్ట్రాన్ని బట్టి పంపుతుంది. అరుదైన వ్యాధుల విధానం దగ్గరలోని ఉత్కృష్టతా కేంద్రానికి వెళ్లమంటుంది. రెండో పద్ధతిలో సిరొంచ కుటుంబం ముంబై బదులు హైదరాబాద్ వెళ్లవచ్చు. ఒకే దేశంలో, ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్న రెండు పథకాలు రోగికి రెండు భూపటాలు చూపిస్తున్నాయన్నమాట. సరిహద్దు జిల్లాలకు రెండోదే సరిపోతుంది.

కొంత మార్పు లేకపోలేదు. రక్త సంబంధ జన్యు వ్యాధుల పరిశోధన, నియంత్రణ కోసం ఐసీఎంఆర్ చంద్రపూర్‌లో నెలకొల్పిన కేంద్రాన్ని 2022 డిసెంబరు 11న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. రాజురా, బల్లార్షా ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది ముంబై కన్నా ఎంతో చేరువ. ఒడిశాలో సికిల్ సెల్ నైపుణ్యం ఎక్కువగా పశ్చిమాన బుర్లా వైద్య కళాశాలలో పెరిగింది. కోరాపుట్, మల్కన్‌గిరిల నుంచి అది దూరమే.

పరీక్ష మంచం మీద జరగదు

ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది. రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఒడిశా కూడా 2025లో అందులో చేరింది. సరిహద్దు కుటుంబాలకు ఇది పెద్ద వెసులుబాటే. అయితే ఆ పథకం ఆసుపత్రిలో చేరిన రోగి కోసం తయారైంది. జన్యు పరీక్ష చాలావరకు బయటి రోగి వ్యవహారం. రక్తం ఇచ్చి ఇంటికి పోతారు, వారాల తరువాత రిపోర్టు వస్తుంది. పైగా రోగి ఒక్కరి రక్తం చాలదు, తల్లిదండ్రులదీ చూడాలి. వారికి రోగమే లేదు. ప్యాకేజీల లెక్కలో ఇమడని ఖర్చు ఇది. ఇంగ్లాండ్ పట్టిక లాంటిది లేనందున ఈ ఖర్చు భరించాల్సింది పథకమా, పరిశోధన నిధా, కుటుంబమా అన్నది ఎక్కువగా రోగి చేరుకున్న ఆసుపత్రిని బట్టి తేలుతుంది.

ఆలస్యానికి కూడా వెల ఉంది. ఇద్దరూ వాహకులని గర్భం వచ్చాక తెలిస్తే, పిండం జన్యు పరీక్ష సాధారణంగా 10 నుంచి 12 వారాల మధ్య మొదలవుతుంది. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం అలాంటి పరీక్షను నమోదైన కేంద్రాల్లోనే, చట్టం పేర్కొన్న కారణాలకే చేయాలి. హిమోగ్లోబిన్ వ్యాధులు ఆ కారణాల్లో ఉన్నాయి. గర్భస్రావ చట్టం 2021 సవరణ 20 వారాల వరకు, నిర్దేశిత వర్గాలకు 24 వారాల వరకు అనుమతిస్తుంది. ఆ పైన వైద్యుల బోర్డు నిర్ణయం కావాలి. మల్కన్‌గిరి నుంచి శాంపిల్ ఏ నగరానికి ఎన్ని రోజుల్లో చేరుతుందన్న రవాణా ప్రశ్న ఇలా చట్టం గడియారంతో ముడిపడుతుంది.

సమాచారం ఎవరి చేతుల్లో

2018, 2019 డేటా రక్షణ బిల్లుల్లో జన్యు సమాచారాన్ని సున్నితమైన సమాచారంగా విడిగా పేర్కొన్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ విభజన లేదు. ఫోను నంబరైనా జన్యుక్రమమైనా ఒకే తరగతి. నిర్దేశిత ప్రమాణాలు పాటిస్తూ, ఆ వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు పరిశోధనకు మినహాయింపు ఉంది. చట్టం సమాచారాన్ని ఒక వ్యక్తి సొత్తుగా చూస్తుంది. జన్యువు అలా ఒదగదు. ఒకరి రిపోర్టు అన్నదమ్ముల గురించి, మేనరికం చేసుకున్న ఇంట్లో అయితే రెండు వైపుల వారి గురించీ చెబుతుంది.

తెలుగువారికి ఇది ప్రత్యేకంగా పట్టే విషయం. సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ప్రభావం 81 సమూహాల్లో ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కన్నా ఎక్కువని తేల్చింది. ఆంధ్ర, తెలంగాణ వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్స వేళ ఇచ్చే కండరాలను సడలించే ఒక మందు ప్రభావం సకాలంలో తగ్గకపోవడానికి కారణమైన ఎంజైమ్ లోపం ఇందుకు తెలిసిన ఉదాహరణ. ఒడిశాలోని బరంపురంలోనో మహారాష్ట్రలోని కిన్వట్‌లోనో ఆపరేషన్ బల్ల మీద ఉన్న వ్యక్తి సమూహం గురించి మత్తు వైద్యుడికి తెలిస్తే ఉపయోగం. అదే మాట పెళ్లి చూపుల్లోనో, బీమా దరఖాస్తులోనో బయటపడితే నష్టం. ఉపయోగాన్నీ నష్టాన్నీ వేరు చేసేది ఎవరికి ఏ సమాచారం ఎంతవరకు అన్న నిబంధనే. ఆ నిబంధన రాయడం యంత్రాలు కొనడం కన్నా కష్టం.

ముందున్నది

వచ్చే కొన్నేళ్లలో పరీక్షల సంఖ్య పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఈ రెంటి గురించి పెద్దగా వాదన లేదు. ఒత్తిడి పడేది రిపోర్టు చదివి చెప్పేవారి మీద. పూర్తి జన్యుక్రమంలో ప్రతి మనిషికీ లక్షల తేడాలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి అర్థం ఇంకా తేలలేదని రిపోర్టులోనే రాస్తారు. జీనోమ్ ఇండియా లాంటి నిఘంటువు పెరిగే కొద్దీ ఆ తేలనివి తేలుతాయి. అప్పుడు పాత రిపోర్టు మారుతుంది.

ఆ మార్పును కుటుంబానికి తెలిపే బాధ్యత పరీక్ష రాసిన వైద్యుడిదా, ల్యాబ్‌దా, జిల్లా ఆరోగ్య అధికారిదా అన్నది ముందుగా రాసుకోవాల్సిన అంశం. సిరొంచ నుంచి హైదరాబాద్ వచ్చి రక్తం ఇచ్చిన కుటుంబానికి హైదరాబాద్‌లో జిల్లా అధికారి లేరు. గడ్చిరోలిలో ఉన్న అధికారి దగ్గర ఆ రిపోర్టు లేదు. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంఖ్యకు రిపోర్టును జతచేస్తే కాగితం రాష్ట్రం దాటగలదు. దాన్ని తెరిచి, అది ఇంటివారి భాషలో చెప్పగల మనిషిని ఆ సంఖ్య తెచ్చిపెట్టదు. ఉమ్మీద్ కింద వైద్యులకు ఇస్తున్న శిక్షణను సరిహద్దు జిల్లాల నర్సులకు, ఆశాలకు విస్తరించడం, పొరుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు స్వీడన్ తరహాలో రిఫరల్ ఒప్పందం రాసుకోవడం కొత్త చట్టం లేకుండానే సాధ్యమైన పనులు. మొదటిదానికి బడ్జెట్లో ఒక పద్దు కావాలి. రెండోదానికి శ్రీకాకుళం, గజపతి జిల్లాల అధికారులు, గోదావరికి అటూ ఇటూ ఉన్న గడ్చిరోలి, భూపాలపల్లి అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి.